తీగ పీకినా వచ్చిన జవాబు

ఆపరేటరమ్మ మెట్లెక్కుతుంటే పైనుంచి ఒక పెద్దాయన దిగుతూ ఎదురొచ్చాడు. చంకలో గొడుగు, పొట్టకి అదుముకుని ఒక జిప్పు సంచి. మెట్లు ఇరుకు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఒదగాలి. ఆయన ఒదగలేదు.

"కాస్త పక్కకి జరగండమ్మా. ఇందులో మా అమ్మాయి పదకొండేళ్ల కష్టం ఉంది" అన్నాడు.

"బాబాయ్! మధ్యాహ్నం మాత్ర వేసుకున్నావా?" పైనుంచి కేక.

"వేసుకున్నానే తల్లీ! నువ్వు ముందు ఆ అన్నం తిను!" అని మెట్ల మీంచే అరిచి, ఆయన వీధిలోకి దిగిపోయాడు.

ఆపరేటరమ్మ టైం చూసుకుంది. రెండూ ఇరవై అయిదు. ఎవరు ఎదురైనా టైం చూసుకోవడం ఆమెకి అలవాటు. పంతొమ్మిదేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని, ఎవరైనా ఫోన్ చేసి పేరు చెబితే నంబరు చెప్పిన మనిషి. ఒక్కో జవాబుకి ఎన్ని సెకన్లు పట్టిందో సూపర్‌వైజరు వెనకాల నిలబడి స్టాప్‌వాచ్‌తో కొలిచేవాడు. ఆ సీట్లన్నీ ఎత్తేసి అందర్నీ ఇళ్లకి పంపిన రోజున ఆ స్టాప్‌వాచ్ ఆమె హ్యాండ్‌బ్యాగులోకి వచ్చి చేరింది. ఎలా చేరిందని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. ఆ తర్వాత డిటెక్టివ్ ఆఫీసు తెరిచి ఎనిమిదేళ్లయినా జనం ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. పోలీసులూ అలాగే పిలుస్తారు, కాకపోతే మూతి వంకరగా పెట్టి.

రబ్బరు స్టాంపుల షాపు పైన మూడో అంతస్తులో ఒకే గది. లోపల ముప్పై అయిదేళ్ల మనిషి, జుట్టు ముడేసి అందులో పెన్ను గుచ్చుకుని, ముట్టని క్యారియర్ ముందు కూర్చుని ఉంది. పొద్దున ఫోన్ చేసిన టెస్టరు ఈమే.

"నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ వస్తాడక్కా" అంది, కూర్చోమనైనా అనకుండా. "ఒప్పుకోలు కాగితం టైపు చేయించి నా మొహాన పడేసి పోయాడు. సంతకం పెడితే పట్టిక మూసేసుకుని ఇంట్లో కూర్చోవచ్చట. పెట్టకపోతే తీసుకుపోతాడట."

"పెడతావా?"

"ఛస్తే పెట్టను."

"అయితే సరే. నేనడిగినదానికి జవాబు చెప్పు. ఏడవాలనుంటే తర్వాత ఏడుద్దువుగాని."

"నేనెందుకు ఏడుస్తాను? నా మీద చాడీలు చెప్పినవాళ్లు ఏడవాలి!"

ఆపరేటరమ్మకి ఆ పిల్ల అక్కడే నచ్చేసింది.

ఇంతకీ ఆ పట్టిక ఏమిటంటే, వెబ్‌సైట్లు పెట్టుకునేవాళ్లకి చోటు అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీలు ఉంటాయి. మనం సైటు పేరు కొట్టగానే, ఆ పేరు ఏ చిరునామాలో ఉందో చెప్పే మెషిన్లు ఆ కంపెనీల దగ్గరుంటాయి. దాన్నే డీఎన్‌ఎస్ అంటారు. ఎవరి మెషిన్ ఎంత చురుగ్గా పలుకుతుందో తొమ్మిది కంపెనీలని నెలనెలా కొలిచి పట్టిక వేయడం ఈమె పని. గొడవలెందుకని కంపెనీలని ఒకటి నుంచి తొమ్మిది దాకా నంబర్లతోనే పిలుస్తుంది. కొత్తగా సైటు పెట్టేవాడు ఈమె పట్టిక చూడందే ఎవరి గుమ్మమూ తొక్కడు. ఆపరేటరమ్మకి ఇదంతా వివరించాల్సిన పని లేకపోయింది. ఆమె కూర్చున్న సీటే అది. ఇప్పుడు మనుషుల బదులు మెషిన్లు కూర్చున్నాయి, అంతే.

"పొద్దున ఫోన్లో చెప్పావే, ఆ ఏడో నంబరు ఎప్పుడూ ఎంతలో జవాబిస్తుంది?"

"ముప్పై ఎనిమిది మిల్లీసెకన్లు. సెకనుని వెయ్యి ముక్కలు చేస్తే అందులో ముప్పై ఎనిమిది."

"ఈ నెల?"

"ఒకటి."

"ఎప్పట్నుంచి?"

"మూడో తారీఖు నుంచి. పొద్దున పదిన్నరకి కొలిస్తే ముప్పై తొమ్మిది. పదకొండూ పదికి కొలిస్తే ఒకటి. అప్పట్నుంచీ ఒకటే."

"ఆ నలభై నిమిషాల్లో ఈ గదిలోకి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు. నేనొక్కదాన్నే ఉన్నాను."

"కొత్త వస్తువేమైనా పెట్టావా?"

"లేదక్కా. ఈ గదిలో కొత్తదేదైనా కొని రెండేళ్లయింది."

ఆపరేటరమ్మ మాట్లాడుతూనే గదంతా కళ్లతో తడిమేసింది. గోడలోంచి బయటి తీగ వస్తుంది. అది మోడెంలోకి, అక్కణ్ణించి ఒక నల్ల పెట్టెలోకి, ఆ పెట్టెలోంచి టెస్టింగ్ మెషిన్‌లోకి. ఇవన్నీ దుమ్ము దులిపి, ఒక్కోదానికీ కాగితం చీటీ అంటించి ఉన్నాయి. నల్ల పెట్టె మీద చీటీలో 'గడియారం' అని రాసి ఉంది.

"ఒకటి అన్న అంకె చూసి నువ్వు నమ్మావా?"

"ఎలా నమ్ముతాను? వాళ్ల దగ్గరి మెషిన్ ఇక్కడికి ఆరు వందల కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు పోయి రావాలన్నా ఆరు మిల్లీసెకన్లు కావాలి. వెలుగు కంటే ముందు వచ్చే జవాబు ఎక్కడుంటుంది? కానీ కొలిచింది కొలిచినట్టు వేయడం నా పద్ధతి. వేసి, 'ఈ అంకె మీద నాకు నమ్మకం లేదు, వెతుకుతున్నాను' అని కిందే రాశాను. ఆ ముక్క ఒక్కడూ చదవలేదు. మిగతా ఎనిమిది కంపెనీలూ కలిసి, నేను ఏడో నంబరుకి అమ్ముడుపోయానని కేసు పెట్టారు."

"నువ్వు పోలీసులకి చెప్పలేదా?"

"చెప్పకేం? వాళ్ల సైటులో ఫిర్యాదు పేజీ ఉంది కదా, మూడుసార్లు పెట్టాను. మొదటి రెండింటికీ ఉలుకూ పలుకూ లేదు. మూడోదానికి..."

తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఏ ఫిర్యాదు? ఎవరు పెట్టారు?" అంటూ ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. టైం రెండూ యాభై. నాలుగింటికి రావలసినవాడు. ఆపరేటరమ్మని చూడగానే మొహంలో రంగు మారింది. పోయినేడాది దొంగ సిమ్ముల కేసులో ఆయన పట్టుకున్నవాణ్ణి ఆమె నిర్దోషిగా బయటికి తెచ్చింది. అది ఆయనకింకా అరగలేదు.

"ఓహో, ఆపరేటరమ్మ గారా! ఇంకా రిటైరవలేదా తమరు?"

"తమరు తప్పులు చేయడం మానితే అవుదామనే చూస్తున్నాను బాబూ."

ఇన్‌స్పెక్టర్ టెస్టరు వైపు తిరిగాడు. "నిజంగా నీ తప్పు లేకపోతే ముందే మా దగ్గరికొచ్చి మొత్తుకునేదానివి. ఒక్క ఫిర్యాదు లేదు. నేనే కూర్చుని మొత్తం వెతికించాను. ఒక్కటి కూడా లేదు."

"మూడు పెట్టాను సార్! మూడోదానికి మీరే..."

"పెట్టినవి గాల్లో కలిసిపోయాయా? అబద్ధం ఆడినా అతికినట్టుండాలి. ఊరంతా ఎక్కడ కొలిచినా ఏడో నంబరు ముప్పై ఎనిమిది. నీ గదిలో మాత్రం ఒకటి. ఆ అంకె నువ్వు చేత్తో వేసింది. పెన్ను తియ్, సంతకం పెట్టు."

టెస్టరు జుట్టులోంచి పెన్ను తీసింది. తీసి టేబుల్ సొరుగులో వేసి, సొరుగు మూసేసింది.

"పెట్టను. పదకొండేళ్లలో నూట ముప్పై పట్టికలు వేశాను. ఒక్క అంకె చేత్తో వేసుంటే నా చెయ్యి పడిపోవాలి. నన్ను తీసుకుపోండి, లాకప్పులో పెట్టండి, అంకె మాత్రం అదే!"

"ఆగండిద్దరూ" అంది ఆపరేటరమ్మ. హ్యాండ్‌బ్యాగులోంచి స్టాప్‌వాచ్ తీసి ఇన్‌స్పెక్టర్ అరచేతిలో పెట్టింది. "అంకె చేత్తో వేసిందో, నిజంగా వచ్చిందో మీరే కొలవండి. ఈ గదిలో ఏ యంత్రాన్నీ నమ్మక్కర్లేదు. మీ బొటనవేలిని నమ్ముతారు కదా?"

"ఏం కొలవాలి?"

"అమ్మాయ్, ముందు మూడో నంబరుని వెయ్యి ప్రశ్నలడుగు. ఒకదాని తర్వాత ఒకటి. ప్రతిసారీ అప్పటికప్పుడు కల్పించిన కొత్త పేరు అడుగు. పాత జవాబు జేబులోంచి తీసిచ్చే వీలుండకూడదు."

"నేనెప్పుడూ అలాగే అడుగుతానక్కా" అంది టెస్టరు, కాస్త నొచ్చుకుని.

మీట నొక్కింది. తెర మీద వరసలు పరుగెత్తాయి. వెయ్యో జవాబు రాగానే ఇన్‌స్పెక్టర్ బొటనవేలితో నొక్కాడు. ఇరవై రెండు సెకన్లు.

"వెయ్యికి ఇరవై రెండు సెకన్లంటే ఒక్కోదానికి ఇరవై రెండు మిల్లీసెకన్లు. పట్టికలో ఎంతుంది, చూడండి."

పట్టికలోనూ ఇరవై రెండే ఉంది.

"ఇప్పుడు ఏడో నంబరు."

ఆయన బొటనవేలు ఒకసారి నొక్కి, రెండోసారి నొక్కేలోపే వెయ్యి జవాబులూ వచ్చి కూర్చున్నాయి. స్టాప్‌వాచ్‌లో ముల్లు ఒక సెకను దాటి కొంచెం ముందుకు జరిగిందంతే.

"చూశారా? ఆమె అంకె దిద్దలేదు. మీ కళ్ల ముందే, మీ చేతిలోనే అంత వేగంగా వచ్చింది" అంది ఆపరేటరమ్మ.

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం తడబడ్డాడు గానీ, ఓడిపోయే రకం కాదు. "అయితే ఏడో నంబరు కంపెనీ నిజంగానే అంత వేగం అన్నమాట. మరి ఊరంతా ఎందుకు ముప్పై ఎనిమిది?"

"మంచి ప్రశ్న అడిగారు. నిజంగానే అంటున్నాను, వెక్కిరింపు కాదు" అంటూ ఆపరేటరమ్మ కుర్చీ జరుపుకుని గోడ దగ్గరికి వెళ్లింది. బయటి నుంచి వచ్చే తీగ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. మోడెం మీద పచ్చ దీపాలు ఆరిపోయాయి.

"అక్కా! ఏం చేస్తున్నావ్!"

"ఇప్పుడు ఈ గదికి ప్రపంచంతో సంబంధం లేదు. తొమ్మిది మందినీ తలా ఒక ప్రశ్న అడుగు."

టెస్టరు అడిగింది. ఒకటో నంబరు, జవాబు లేదు. రెండు, జవాబు లేదు. ఒక్కోదాని కోసం మెషిన్ రెండు సెకన్లు ఎదురుచూసి చేతులెత్తేస్తోంది. మూడు, నాలుగు, అయిదు, ఆరు, అన్నీ అంతే.

ఏడో నంబరు. జవాబు వచ్చింది. ఒక మిల్లీసెకను.

టెస్టరు కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. తీగ ఆపరేటరమ్మ చేతిలో వేలాడుతోంది.

"ఓర్నాయనో" అన్నాడు ఇన్‌స్పెక్టర్, పోలీసుననే సంగతి మరిచిపోయి.

"ఆరు వందల కిలోమీటర్ల అవతలి మెషిన్, తీగ పీకినా పలుకుతోంది. అంటే జవాబు చెప్పేవాడు ఈ గదిలోనే కూర్చున్నాడు. అమ్మాయ్, ఆ గడియారం పనేమిటి?"

"టైం చెప్పడం. టెస్టింగ్ మెషిన్‌కి టైం కచ్చితంగా ఉండాలి కదా. అది తప్పితే నా కొలతలన్నీ తప్పుతాయి."

"టైం చెప్పేదానికి ఒక తీగ చాలు. దీనికి రెండెందుకున్నాయి? లైనంతా దీని పొట్టలోంచి ఎందుకు పోతోంది?"

టెస్టరు పెట్టె వెనకాల ఉన్న రెండు తీగల్నీ చేత్తో తడిమి చూసింది.

"పోయిన నెలాఖరున ఆగిపోతే రిపేరుకి పంపాను. రెండో తారీఖు సాయంత్రం కొరియర్లో తిరిగొచ్చింది. లైను దీని గుండా పోనిస్తే టైం ఇంకా కచ్చితంగా ఉంటుందని లోపల చీటీ పెట్టారు. మూడో తారీఖు పొద్దున... నా చేతుల్తో నేనే పెట్టానక్కా!" అని నెత్తి మీద ఠపీమని కొట్టుకుంది. "కంపెనీలని అనుమానించాను, తీగల్ని అనుమానించాను, నా మెషిన్‌ని నాలుగుసార్లు విప్పి చూశాను. గడియారాన్ని మాత్రం ముట్టుకోలేదు. కొలిచేదాన్నే అనుమానిస్తే ఇంక దేంతో కొలుస్తాను? కొత్తదేమైనా వచ్చిందా అని నువ్వడిగితే లేదన్నాను. నా వస్తువు నాకు తిరిగొస్తే అది కొత్తదెలా అవుతుందనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!"

"వెర్రిదానివి కాదు. నీ పద్ధతి తెలిసినవాళ్లు పన్నిన పన్నాగం ఇది. నువ్వు తిరిగి చూడని వస్తువు ఒక్కటే ఉందని వాళ్లకి తెలుసు."

ఇన్‌స్పెక్టర్ ఈలోగా తేరుకున్నాడు. చేతులు కట్టుకుని గడియారం ముందు నిలబడ్డాడు.

"బాగుంది. ఆమె గది, ఆమె గడియారం, ఆమె చేతులు. నాకింకేం కావాలి? పెట్టెతో సహా దొరికింది. మీరు నా పని సులువు చేశారు ఆపరేటరమ్మ గారూ."

"ఆమే పెట్టుకుంటే 'ఈ అంకె మీద నమ్మకం లేదు' అని ఆమే ఎందుకు రాస్తుంది? మీ దగ్గరికి ఫిర్యాదులెందుకు పంపుతుంది?"

"ఏ ఫిర్యాదులు? రాని ఫిర్యాదుల గురించి నాకు చెప్పకండి! ఇక ఆపండి మీ గారడీ. తీగ పీకారు, ఒక పెట్టె పలికింది. ఇంకా ఎవరెవరి పేర్లకి పలుకుతుందేమిటి? మా డిపార్ట్‌మెంట్ పేరు కూడా చెబుతుందా? అడగండి, అదీ చూద్దాం!" అని పకపకా నవ్వాడు.

ఆపరేటరమ్మ నవ్వలేదు. టెస్టరు వైపు చూసి తలాడించింది. టెస్టరు పోలీసు శాఖ సైటు పేరు కొట్టింది. తీగ ఇంకా నేల మీదే పడుంది.

జవాబు వచ్చింది. ఒక మిల్లీసెకను.

ఇన్‌స్పెక్టర్ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. వంగి తెర మీది చిరునామా చదివాడు. నాలుగు ముక్కల అంకె. జేబులోంచి ఫోను తీసి తన ఆఫీసుకి కొట్టాడు. "ఒరేయ్, మన సైటు అసలు అడ్రసు నంబరు చదువు. ఊఁ... ఊఁ... మళ్లీ చదువు." ఫోను పెట్టేశాడు. రెండు అంకెలకీ ఎక్కడా పొంతన లేదు.

"ఇది మాది కాదు" అన్నాడు మెల్లగా.

"ఈమె ఈ గదిలోంచి మీ గుమ్మం తొక్కిన ప్రతిసారీ, ఈ పెట్టె మీ గుమ్మం బోర్డు పెట్టిన ఇంకెవరి ఇంటికో పంపింది" అంది ఆపరేటరమ్మ. గొంతు లేచింది. ఇంతసేపు అణుచుకున్న కోపం ఇప్పుడు బయటికొచ్చింది. "ఈమె ఫిర్యాదు చేస్తుందని వాళ్లకి ముందే తెలుసు. తలుపులు మూసేశారు. మూసిన తలుపు ముందు నిలబడి మొత్తుకుంటున్న మనిషిని పట్టుకుని, మొత్తుకోలేదు కాబట్టి దొంగవి అన్నారు తమరు! మూడు ఫిర్యాదులు సార్! పదకొండేళ్ల పేరు సార్! ఒక్క తీగ పీకి చూసే ఓపిక లేకపోయింది మీకు."

ఇన్‌స్పెక్టర్ టేబుల్ మీది ఒప్పుకోలు కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆయన చేతనైన క్షమాపణ అంతే.

టెస్టరు మాత్రం సంతోషించలేదు. టేబుల్ అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"సార్, అయితే పొద్దున మీరు పంపిన ఉత్తరం?"

"నేనే ఉత్తరమూ పంపలేదే!"

"మూడో ఫిర్యాదుకి జవాబు అదే. మీ పేరు, మీ హోదా అన్నీ ఉన్నాయి. పదకొండేళ్ల ఒరిజినల్ డిస్కులు మూడున్నరకల్లా మీ పాత రికార్డు గదిలో ఇస్తే కేసు తిరగతోడతామని రాశారు. ప్రతి నెలా ఒక డిస్కు తీసి మా బాబాయి బీరువాలో దాస్తాను. నేను ఇన్నేళ్లూ ఒక్క అంకె దిద్దలేదని చూపించే సాక్ష్యం ప్రపంచంలో అదొక్కటే ఉంది. అన్నీ సంచిలో పెట్టి ఇచ్చాను. నువ్వు కదిలితే పారిపోయావంటారు, నేనే వెళ్తానన్నాడు మా బాబాయి."

"మాకు పాత రికార్డు గదే లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆపరేటరమ్మకి మెట్ల మీద ఎదురైన జిప్పు సంచి కళ్ల ముందు కదిలింది. ఆ పెద్దాయన తనని ఒదగమన్నాడు. తను ఒదిగి దారిచ్చింది. రెండూ ఇరవై అయిదుకి! ఛీ, ఏం డిటెక్టివ్‌వి నువ్వు అని తనని తనే తిట్టుకుంది.

గోడ మీద మామూలు గడియారంలో మూడూ ముప్పై రెండు.

టెస్టరు ఫోను కొట్టింది. ఎత్తలేదు. మళ్లీ కొట్టింది. ఎత్తలేదు. ఇన్‌స్పెక్టర్ అప్పటికే తలుపు దగ్గర నిలబడి, ఉత్తరంలోని వీధి పేరు చెబుతూ జీపుల కోసం అరుస్తున్నాడు. ఆపరేటరమ్మ అతని చేతిలోంచి స్టాప్‌వాచ్ లాక్కుంది.

అంతలో టెస్టరు చేతిలో ఫోను మోగింది. తెర మీద 'బాబాయి' అని పడింది. ఆమె స్పీకరు నొక్కింది.

"ఏమ్మా, ఊరికే కంగారు పడి కొడుతున్నావా? క్షేమంగానే చేరాను" అంది పెద్దాయన గొంతు, హాయిగా. "నువ్వేమో ఇన్‌స్పెక్టర్ని రాక్షసుడన్నావు. ఎంత మర్యాదస్తుడు! కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు, సంచి తనే అందుకున్నాడు. తలుపు గడియ కూడా వేయించాడు, మమ్మల్ని ఎవరూ కదిలించకుండా. ఇదిగో, నా పక్కనే ఉన్నాడు. నీతో ఒక సంతకం సంగతి మాట్లాడతాడట. ఇవ్వనా?"

అసలు ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గర కొయ్యబారిపోయాడు. ఆపరేటరమ్మ స్టాప్‌వాచ్ మీద బొటనవేలు పెట్టి, మాట్లాడు, జీపులు అక్కడికి చేరేదాకా ఎంతసేపైతే అంతసేపు మాట్లాడించు అన్నట్టు టెస్టరుకి సైగ చేసింది.

టెస్టరు సొరుగు తెరిచి పెన్ను తీసుకుంది. కళ్ల నీళ్లు చెంపల మీదుగా కారిపోతున్నాయి. గొంతులో మాత్రం చిన్న వణుకు కూడా లేదు.

"ఇవ్వు బాబాయ్" అంది. "ఆయన ఎంతసేపు తట్టుకుంటాడో నేనూ కొలుస్తాను."

ఆపరేటరమ్మ మీట నొక్కింది.